రోజుకి 40 లింకులు పెడతన్నా, ఎస్ఈఓ మాత్రం రావట్లేదు అక్కా!

"అక్కా, మాది గుంటూరు. బీకామ్ అయ్యాక విజయవాడలో 3 నెలలు డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న ఏజెన్సీలో ఎస్ఈఓ (గూగుల్ సెర్చ్‌లో సైటుని పైకి తెచ్చే పని) ఎగ్జిక్యూటివ్‌గా చేరా. 8 నెలలైంది. పొద్దున్నే షీటు ఓపెన్ చేసి డైరెక్టరీ సబ్మిషన్, బుక్‌మార్కింగ్, ప్రొఫైల్ క్రియేషన్ అని వేరే సైటుల్లో మా క్లయింట్ల సైటులకి రోజుకి 40 లింకులు పెట్టాలి, అంతే పని. పచ్చళ్ళు, కారప్పొళ్ళు అమ్మే క్లయింటు ఒకాయన ఉన్నారు, పోయిన నెల సైటు మొత్తం కొత్తగా చేయించారు, అప్పట్నుంచి ఆర్డర్లు సగానికి పడిపోయినయ్ అని రోజూ ఫోన్. మా సారేమో లింకులు 60 చెయ్యమన్నారు. టెక్నికల్ ఎస్ఈఓ (గూగుల్ సైటుని సరిగ్గా చదవగలిగేట్టు చూసుకునే పని) వస్తేనే జీతం పెరుగుద్దని ఫ్రెండ్స్ అంటన్నారు, నాకు కోడింగ్ రాదు. అసలు ఏం నేర్చుకోవాలి? ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటయ్యా?"

చెల్లీ, నీ ఉత్తరంలో మూడు నాలుగు ప్రశ్నలున్నయ్ గానీ నేను ముందు పచ్చళ్ళాయన సంగతే పట్టుకుంటా, నువ్వేం నేర్చుకోవాలో ఆ సైటులోనే ఉంది కాబట్టి. సైటు కొత్తగా చేయించాక పడిపోయింది అన్నావ్ చూడు, సగం జవాబు నువ్వే చెప్పేశావ్. నువ్వు పెట్టిన లింకులు పోయిన నెలా ఉన్నయ్, ఈ నెలా ఉన్నయ్. మారింది సైటు. మారినదాని జోలికి పోకుండా లింకులు 60 చేస్తే ఏమొస్తది, నీ వేళ్ళు నొప్పెట్టటం తప్ప.

రేపు ఆఫీసుకెళ్ళగానే ఒక పని చెయ్యి. సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎట్టా కనపడతందో చూపించే గూగుల్ టూల్) పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, సైటు మారకముందు 3 నెలల డేట్లు పెట్టి, పేజెస్ ట్యాబ్‌లో ఉన్నదంతా ఎక్స్‌పోర్ట్ కొట్టు. అందులో 16 నెలల వెనక్కి డేటా ఉంటది, ఒకసారికి 1000 వరసల దాకా దించుకోవచ్చు, పచ్చళ్ళ సైటుకి అది ఎక్కువే. క్లిక్కులు ఎక్కువొచ్చిన పాత అడ్రసులు ఒక 30 తీసుకుని ఒక్కోటి ఇన్‌కాగ్నిటోలో తెరువు. ఏది తెరుచుకుంటందో, ఏది 404, అంటే 'పేజీ లేదు' అంటందో, ఏది చప్పుడు చెయ్యకుండా హోమ్ పేజీకి లాక్కెళ్తందో పక్క కాలమ్‌లో రాసుకో. నా అనుమానం ఏంటంటే పాత సైటులో గోంగూర పచ్చడికి ఆ పేరుతోనే ఒక పేజీ ఉండి ఉంటది, కొత్త సైటు చేసినాయన దాన్ని ప్రొడక్ట్ అని ఏదో నెంబరు పెట్టి మార్చేసి ఉంటాడు, పాత అడ్రసుకి ఎవరన్నా వస్తే ఎక్కడికి పంపాలో చెప్పి ఉండడు. బీసెంట్ రోడ్డులో ఉన్న షాపు మొగల్రాజపురం మార్చేసి, పాత షట్టర్ మీద ఒక కాగితం ముక్క కూడా అంటించకపోతే పాత బేరాలు ఎట్టా వస్తయ్? ఆ కాగితమే 301 రీడైరెక్ట్, పాత అడ్రసుకొచ్చినవాళ్ళని కొత్త అడ్రసుకి పంపేది.

ఇక్కడ డెవలపర్లు ఒక షార్ట్‌కట్ కొడతారు, పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి తోసేస్తారు. చూడ్డానికి 404లు లేవు కదా అనిపిస్తది గానీ గూగుల్ అట్టాంటివాటిని చాలాసార్లు సాఫ్ట్ 404 కింద లెక్కేస్తది, అంటే పేజీ పోయినట్టే. గోంగూర పేజీ కొత్త గోంగూర పేజీకే పోవాలి, నల్లకారం నల్లకారానికే పోవాలి. ఉసిరావకాయ అమ్మటం మానేశారనుకో, దగ్గర్లో ఉన్న పచ్చళ్ళ క్యాటగిరీకి పంపు, అదీ కుదరకపోతే 404 ఉండనివ్వు, తప్పేం లేదు. ఒక రీడైరెక్ట్ ఇంకో రీడైరెక్ట్‌కి, అది మూడోదానికి పోయేట్టు మాత్రం పెట్టొద్దు, గూగుల్‌బాట్ (పేజీలు చదవటానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్) 10 గెంతుల దాకా వెంటపడతది గానీ మనం దాన్ని పరీక్షించే పని లేదు. పెట్టిన రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెప్తది, నేనైతే తియ్యనే తియ్యను.

30లో 25 బానే ఉన్నయ్ అనుకో, అప్పుడు ఇంకో అనుమానం. ఇది నా సొంత గొడవ, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తది. కొన్నేళ్ళ కింద ఒక చీరల షాపు సైటు దసరా ముందు లైవ్ చేశాం. వర్డ్‌ప్రెస్ సైటు. తయారయ్యేటప్పుడు గూగుల్‌కి కనపడకూడదని సెట్టింగ్స్‌లో రీడింగ్ కిందుండే ఆ చిన్న టిక్ పెట్టారు, సెర్చ్ ఇంజన్లని రావద్దని చెప్పే టిక్. లైవ్ చేసినరోజు దాన్ని తియ్యటం డెవలపర్ మర్చిపోయాడు, చూడటం నేను మర్చిపోయా. 11 రోజులు. ఆ 11 రోజులూ నేను టైటిళ్ళు మారుస్తా, కొత్త ఆర్టికల్స్ రాయిస్తా, నువ్విప్పుడు పెడతన్న లాంటి లింకులే పెట్టిస్తా కూర్చున్నా. చివరికి ఒకరోజు రాత్రి ఊరికే కంట్రోల్ యు కొట్టి పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్ చూస్తే పైన ఎక్కడో నోఇండెక్స్ అని ఉంది. టిక్ తీసి సెర్చ్ కన్సోల్‌లో ముఖ్యమైన పేజీలకి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ కొట్టాం, అంటే లిస్టులో చేర్చుకోమని గూగుల్‌ని అడిగాం, నెమ్మదిగా తిరిగొచ్చినయ్, దసరా బేరం మాత్రం రాలేదు. షాపాయన నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ.

అందుకని నోఇండెక్స్‌కీ, సైటులో ఉండే రోబోట్స్ ఫైలుకీ (robots.txt) తేడా గట్టిగా పట్టుకో, ఇంటర్వ్యూల్లో కూడా దీని మీదే తిప్పి తిప్పి అడుగుతారు. రోబోట్స్ ఫైలు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మ్యాన్ లాంటిది, గూగుల్‌బాట్‌ని లోపలికి రావద్దంటది, అంతే. నోఇండెక్స్ అనేది ఫ్లాట్ తలుపు మీద అంటించిన నోటీసు, 'ఈ ఇంటి పేరు లిస్టులో రాయొద్దు' అని. గేటు దగ్గరే ఆపేస్తే తలుపు మీద నోటీసు ఎవరు చదువుతారు? వేరేవాళ్ళు లింకు ఇచ్చి ఉంటే పేజీ లోపలేముందో తెలియకపోయినా అడ్రసు మటుకు గూగుల్‌లో కనపడే ఛాన్సుంది. పేజీ గూగుల్‌లోంచి పోవాలంటే గేటు తెరిచి నోటీసు చదవనివ్వాలి. రోబోట్స్ ఫైల్లోనే నోఇండెక్స్ రాసెయ్యమని పాత వీడియోల్లో చెప్తంటారు, దాన్ని గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి పట్టించుకోవటం మానేసింది. ఆ ఫైలు పద్ధతి మాత్రం 1994 నాటిది, 2022లో గానీ ఆర్ఎఫ్‌సీ 9309 అని దానికొక అఫీషియల్ కాగితం రాలేదు, అప్పటిదాకా మాట మీదే నడిచింది, మన మిర్చి యార్డులో బేరాల్లాగా.

మూడో అనుమానం కొత్త సైటు జావాస్క్రిప్ట్ మీద కట్టారేమోనని. ఇది కనిపెట్టటానికి కోడింగ్ అక్కర్లా. గోంగూర పేజీ తెరిచి సోర్స్ చూసి, అందులో గోంగూర అనే మాట వెతుకు. స్క్రీన్ మీద ఫోటో, రేటు, అర కేజీ, కేజీ అన్నీ కనపడతా ఉండి సోర్స్‌లో మాత్రం ఖాళీ డివ్ (ఖాళీ డబ్బా లాంటి ట్యాగ్) ఒకటి, కింద స్క్రిప్టులు కనపడితే, పేజీ సరుకంతా బ్రౌజర్‌లో వండి వడ్డిస్తన్నట్టు లెక్క. గూగుల్ దాన్ని రెండర్ చెయ్యగలదు, అంటే స్క్రిప్టులు నడిపి పేజీని పూర్తిగా చూడగలదు, చేస్తది కూడా, కానీ చేసిందో లేదో మనం చూసుకోవాలి. సెర్చ్ కన్సోల్‌లో పైన బాక్సులో ఆ యూఆర్ఎల్ పెట్టి ఇన్‌స్పెక్ట్ కొట్టి, వ్యూ క్రాల్డ్ పేజ్‌లోకి పోతే గూగుల్ చేతికి అందిన హెచ్‌టీఎమ్ఎల్ ఉంటది, అందులో మళ్ళీ గోంగూర వెతుకు. రేటు దొరికిందా, వివరణ దొరికిందా, పక్క పచ్చళ్ళకి లింకులు మామూలు <a href> ట్యాగ్‌తో ఉన్నయ్యా, లేక నొక్కితేనే తెరుచుకునే ఆన్‌క్లిక్ బటన్లా? బటన్లని గూగుల్ నొక్కదు. ఇదే కళ్ళతో ఫోన్ వెర్షన్ కూడా చూడు, గూగుల్ ఇండెక్స్ చేసేది మొబైల్ వెర్షన్ చూసే, డెస్క్‌టాప్‌లో ఉండి ఫోన్‌లో తీసేసిన పేరా ఉంటే అది లేనట్టే.

ఇంతసేపూ ఒక్క లైను కోడ్ రాయలేదు చూశావా? కోడ్ చదవటం వస్తే చాలు ప్రస్తుతానికి. టైటిల్, కెనానికల్ (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పేది), మెటా రోబోట్స్ (నోఇండెక్స్ ఉండే చోటు), హెచ్‌రెఫ్‌లాంగ్ (పేజీ ఏ భాషవాళ్ళకో చెప్పేది) ఎక్కడుంటయ్యో వెతుక్కోగలగాలి, 200 (పేజీ బానే ఉంది), 301, 302 (తాత్కాలిక రీడైరెక్ట్), 404, 503 (సర్వర్ ప్రస్తుతానికి పలకట్లేదు) చూడగానే ఏంటో తెలియాలి, బ్రౌజర్‌లో ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్ చూడ్డానికి భయపడకూడదు. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కోడింగ్ భాషలు తర్వాత మెల్లగా, వేలల్లో పేజీలుండే సైటు చేతికొచ్చినప్పుడు.

బీకామ్ అని నువ్వు చిన్నబుచ్చుకుంటన్నావ్ గానీ నాకైతే అది ప్లస్సే. బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ చేసే ఉంటావ్ కదా, క్యాష్ బుక్కూ పాస్ బుక్కూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడ తప్పిందో టిక్కులు కొట్టుకుంటా పోవటం. టెక్నికల్ ఆడిట్‌లో ముప్పావు వంతు అదే పని. ఒక లిస్టు సైట్‌మ్యాప్‌లోది (సైటు తన పేజీలివీ అని గూగుల్‌కి చెప్పే ఫైలు), రెండోది క్రాలర్ (లింకులు పట్టుకుని సైటంతా తిరిగే టూల్) తెచ్చింది, స్క్రీమింగ్ ఫ్రాగ్ ఫ్రీ వెర్షన్‌లో 500 యూఆర్ఎల్స్ దాకా వస్తయ్, మూడోది సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులొచ్చిన పేజీలు. మూడూ షీటులో పెట్టి వీలుకప్ (లిస్టులు పోల్చే ఫార్ములా) కొట్టు. సైట్‌మ్యాప్‌లో ఉండి క్రాల్‌లో లేకపోతే దానికి సైటులో ఎక్కడా లింకు లేదన్నమాట, ఆర్ఫన్ పేజీ. క్రాల్‌లో ఉండి సైట్‌మ్యాప్‌లో లేకపోతే అది అవసరమైన పేజీనా లేక ఫిల్టర్లు నొక్కితే పుట్టుకొచ్చిన చెత్తా అని చూడు. సైట్‌మ్యాప్‌లో 404లు, రీడైరెక్టులు ఉన్నయ్యంటే దాన్ని ఎవరూ చూడట్లేదన్నమాటే. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైల్లో 50,000 యూఆర్ఎల్స్ దాకా పెట్టొచ్చు, మన పచ్చళ్ళకి ఆ బాధ లేదు.

తెలుగు సైటులకి ఇంకో తిప్పలుంది, దీన్ని కోర్సుల్లో చెప్పటం నేను చూళ్ళేదు. పోయినేడు ఒక క్లయింటు ప్రొడక్టుల షీటు, సైటు నుంచి దించిన షీటు కలిపితే 'చికెన్ పచ్చడి' ఒక్కటే ట్యాలీ కాలేదు. రెండూ ఒకేలా కనపడతన్నయ్, కళ్ళు చించుకుని చూసినా తేడా లేదు. విసుగొచ్చి లెన్ ఫార్ములా (క్యారెక్టర్లు లెక్కపెట్టేది) పెడితే ఒకదానికి 13, ఇంకోదానికి 14. 'చికెన్' చివర పొల్లు తర్వాత కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి కూర్చుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తెలుగు కీబోర్డుల్లో కొన్ని దాన్ని వాటంతటవే పెట్టేస్తయ్, కొన్ని పెట్టవు. అదే గనక పేజీ అడ్రసులోకి పోయిందనుకో, మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేరు వేరు యూఆర్ఎల్స్. నువ్వు పెట్టిన రీడైరెక్ట్ పని చెయ్యదు, ఎందుకు చెయ్యట్లేదో రెండు రోజులు తల పట్టుకుంటావ్. తెలుగు అక్షరాలతో అడ్రసులు పెట్టటం తప్పేమీ కాదు, గూగుల్ చదువుకుంటది, కాకపోతే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాంతాడవుద్ది. ఒక్కో తెలుగు క్యారెక్టర్ 3 బైట్లు, ఒక్కో బైటు పర్సెంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలు, అంటే 6 క్యారెక్టర్ల 'గోంగూర' 54 అక్షరాలవుద్ది. అందుకే నేను అడ్రసులు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడతా, పేజీలో మాటలు తెలుగులో.

ఆ ఇంగ్లీషు అక్షరాల్లో కూడా మనోళ్ళు ఒక్క రకంగా కొట్టరు. గోంగూరలో యు ఒకడు, రెండు ఓలు ఒకడు, పచ్చడిలో సి తర్వాత హెచ్ ఒకసారి పెట్టేవాళ్ళు, సి రెండుసార్లు కొట్టేవాళ్ళు, పికిల్ అనేవాళ్ళు. ఇవన్నీ విడివిడి పేజీలు చేసెయ్యమని ఎవరన్నా చెప్తే వినొద్దు, అన్నీ ఒక్క పేజీకే రావాలి. సెర్చ్ కన్సోల్‌లో క్వెరీ ఫిల్టర్‌కి రెజెక్స్ (చాలా రకాల మాటల్ని ఒకేసారి వెతికే నమూనా) పెట్టుకోవచ్చు 2021 నుంచి, నిలువు గీత పెట్టి ఈ స్పెల్లింగులన్నీ ఒకేసారి వడకట్టు, జనం మీ పచ్చడిని అసలు ఏమని పిలుస్తన్నారో అప్పుడు తెలుస్తది. షాపు అడ్రసు కూడా అంతే. గుంటూరు బ్రాడీపేట 4/7 అంటే 4వ లైను 7వ అడ్డరోడ్డని మనకి తెలుసు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఒకటి, సైటు అడుగున ఒకటి, పాత డైరెక్టరీల్లో ఇంకోటి ఉంటే కస్టమర్ వెళ్ళి వేరే గుమ్మం ముందు నిలబడతాడు. నువ్వు 8 నెలలుగా పెట్టిన డైరెక్టరీల్లో పాత ఫోన్ నెంబరు ఎన్నిట్లో ఉందో చూడు ఓసారి, అవి దిద్దితే 60 కొత్తవి పెట్టినదానికంటే మేలు.

లింకుల విషయం ఎత్తాను కాబట్టి చెప్పేస్తా, నీ మీద కోపం తెచ్చుకోకు. లింకులకి విలువ లేదని నేననను, గూగుల్ పుట్టిందే లింకుల లెక్క మీద. కానీ ఎవరైనా పోయి ఫారం నింపితే వచ్చే లింకుకి ఎవరు విలువిస్తారు? 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది ఇట్టాంటి వాటి మీదే, 2016 సెప్టెంబరు నుంచి అది కోర్ అల్గారిథమ్‌లోనే రియల్ టైములో నడుస్తంది, ఇప్పుడు చాలామటుకు వాటిని పక్కన పడేస్తది, అంతే. అంటే మీ సార్ దగ్గరున్న షీటు పదేళ్ళ నాటిది. పేజీ కోడ్‌లో మెటా కీవర్డ్స్ కూడా నింపిస్తన్నారేమో, దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

స్పీడు గురించి ఎక్కువ చెప్పను. ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనపడటానికి పట్టే టైము) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కితే పేజీ స్పందించే టైము) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్ఎస్ (పేజీ అటూ ఇటూ కదిలే లెక్క) 0.1 లోపు, ఇవి గుర్తు పెట్టుకో, పాత ఎఫ్ఐడీ కొలత పోయి 2024 మార్చిలో ఐఎన్‌పీ వచ్చింది. స్పీడు స్కోరు 100 చేస్తానని వారం రోజులు కూర్చోవద్దు. మన చుట్టుపక్కల సైటుల్లో సగం రోగం ఒక్కటే, ఫోటోగ్రాఫర్ ఇచ్చిన 4 ఎంబీ ఫోటో అట్టాగే బ్యానర్‌లో పెట్టేస్తారు. దాన్ని కుదించి వెబ్‌పీ (తేలికైన ఫోటో ఫార్మాట్) చేసి, ఆ పై బ్యానర్‌కి మాత్రం లేజీ లోడ్ (కిందకి దిగాకే ఫోటో తెచ్చే పద్ధతి) తీసెయ్యి.

ఏఐ సంగతి. భయం లేదంటే అబద్ధం చెప్పినట్టే. ఏఐ ఓవర్‌వ్యూస్ (గూగుల్ రిజల్ట్స్ పైన ఏఐ ఇచ్చే జవాబులు) మన దేశంలో 2024 ఆగస్టులో వచ్చినయ్, 'గోంగూర పచ్చడి ఎట్టా చెయ్యాలి' అని అడిగినోడికి జవాబు పైనే వచ్చేస్తే వాడు కిందకి దిగి నీ సైటు నొక్కడు. కానీ అర కేజీ గోంగూర హైదరాబాదుకి పంపుతారా, నూనె ఏది వాడతారు, ఎన్ని రోజులు నిలవుంటది అని అడిగేవాడు కొనేవాడు, వాడికి సైటు కావాలి, ఆ సైటులో రేటు, స్టాకు, డెలివరీ వివరాలు మెషీన్ చదవగలిగేట్టు ఉండాలి. అది మళ్ళీ టెక్నికల్ పనే. పోయేది నువ్విప్పుడు చేస్తన్న కాపీ పేస్ట్ పని, దాని గురించి నిజంగానే భయపడు. ఇంకోటి, మీ సార్ ఏదో ఒకరోజు ఏఐతో 200 ఆర్టికల్స్ కొట్టి పడేద్దాం అంటారు, రాసిపెట్టుకో. పనికిరాని పేజీలు గుట్టలుగా పుట్టించటాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ పాలసీలో స్కేల్డ్ కంటెంట్ అబ్యూజ్ అని పేరు పెట్టి మరీ చేర్చింది, మనిషి రాసినా మెషీన్ రాసినా ఒకటే అని. ఆ పేరు చెప్పి ఆపు.

నేర్చుకోటానికి ఇంకో కోర్సుకి డబ్బులు కట్టకు. గూగుల్ సెర్చ్ సెంట్రల్ డాక్యుమెంటేషన్ ఫ్రీగా ఉంది, గుంటూరు నుంచి బెజవాడ వచ్చే బస్సులో గంట ఉంటది కదా నీకు, రోజుకో పేజీ చదువు. ఒక డొమైన్ కొనుక్కో, చవకలో హోస్టింగ్ తీసుకో, మీ అమ్మ చేసే కూరల మీద ఓ 20 పేజీలు పెట్టి, తర్వాత కావాలని చెడగొట్టు. ఒక పేజీకి నోఇండెక్స్ పెట్టు, ఇంకోదానికి కెనానికల్ తప్పు ఇవ్వు, అడ్రసులు మార్చి రీడైరెక్ట్ పెట్టకుండా వదిలెయ్యి, సెర్చ్ కన్సోల్‌లో ఏం కనపడతదో ఎన్ని రోజులకి కనపడతదో డేట్లేసి రాసుకో. క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ (చదివింది గానీ లిస్టులో చేర్చలేదు), డిస్కవర్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ (అడ్రసు తెలుసు గానీ ఇంకా చదవలేదు) రెండిటికీ తేడా ఆ నోటుబుక్కు నేర్పినట్టు ఎవ్వరూ నేర్పరు. క్లయింటు సైటు మీద ఈ ప్రయోగాలు చేశావంటే మాత్రం నాకు సంబంధం లేదు.

ఇక మీ సార్ దగ్గరికి ఎట్టా వెళ్ళాలి అంటే, నలుగురి ముందు లింకులు వేస్ట్ సార్ అనొద్దు, ఆయన అహం దెబ్బతింటది, నీకు పని చెయ్యనివ్వడు. సాయంత్రం ఆయన టీ తాగే టైములో ఆ షీటు తీసుకెళ్ళు, పాత అడ్రసు, అంతకుముందు 3 నెలల క్లిక్కులు, ఇప్పుడేమొస్తంది, ఎక్కడికి పంపాలి అని నాలుగు కాలమ్‌లు చాలు. 'సార్, ఈ పేజీలకి డెవలపర్ చేత రీడైరెక్టులు పెట్టిద్దామా, క్లయింటుకి మనమే కనిపెట్టామని చెప్పొచ్చు' అను. ఆ 'మనమే' అన్నమాట మర్చిపోకు. ఈలోపు రోజూ ఆ 40 లింకులు కూడా పెట్టు, ఉద్యోగం ఉండాలి కదా ముందు.

పాత గోంగూర పేజీ తెరిస్తే ఏమొచ్చిందో మటుకు నాకు రాయి.